నొప్పులు ఆమెవి, నిర్ణయం ఎవరిది?

ఆసుపత్రిలో కాన్పు ఇప్పుడు మన ప్రాంతంలో విశేషం కాదు. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. పురిటింట రక్తస్రావమై ప్రాణాలు విడిచిన తల్లుల జ్ఞాపకం ఇంకా మాసిపోని కుటుంబాలకు ఇది చిన్న మార్పు కాదు. 2018–20లో దేశం మొత్తం మీద ప్రతి లక్ష సజీవ జననాలకు 97 మంది తల్లులు మరణించగా, మన రాష్ట్రంలో ఆ సంఖ్య 45. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, రాత్రింబవళ్లు నిలబడే నర్సులు, వైద్యులు సాధించిన ఈ ఫలితాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు.

అయితే ప్రాణం దక్కడంతోనే బాధ్యత తీరిపోతుందా? తల్లి ప్రాణాన్ని కాపాడిన వ్యవస్థ ఆమె మాటను కూడా వింటున్నదా? తొలిచూలు బిడ్డ కోసం పురిటిగదిలో అడుగుపెట్టిన ఆడపిల్లకు తన ఒంటికి ఏం జరగబోతున్నదో ఎవరైనా చెబుతున్నారా? ఈ ప్రశ్నలను, ముఖ్యంగా మందులతో నొప్పులు తెప్పించే ప్రసవాల విషయంలో, ఈ నెల పాఠకుల ముందుంచదలచాము.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలకు వైద్యం కొత్త కాదు. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన డాక్టర్ క్యాంబెల్ పేరిట జమ్మలమడుగులో వెలసిన మిషన్ ఆసుపత్రి తరతరాలుగా కడప జిల్లా పశ్చిమ ప్రాంతపు పేదలకు ఆసరాగా నిలిచింది. డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1949లో పుట్టింది జమ్మలమడుగులోనే. వైద్యుడిగా తొలినాళ్లలో పనిచేసింది అక్కడి మిషన్ ఆసుపత్రిలోనే. 1973లో ఆయన తన తండ్రి పేరిట పులివెందులలో 70 పడకల ధర్మాసుపత్రిని నెలకొల్పారు. ప్రొద్దుటూరులో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి ఉంది. కడపలో బోధనాసుపత్రి ఉంది. వీటికి తోడు ప్రైవేటు నర్సింగ్ హోములు వీధివీధినా వెలిశాయి. వైద్యం దొరకని కాలం నుంచి వైద్యం దొరికే కాలానికి వచ్చాము. దొరికిన వైద్యం ఎలాంటిదని అడగవలసిన కాలం ఇది.

మన ఇళ్లలో తొలికాన్పు పుట్టింట జరగడం ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి పుట్టింటికి వస్తుంది. అంతవరకు చూపించుకున్న డాక్టరు మారిపోతారు. కొత్త ఆసుపత్రిలో కొత్త చీటీ మొదలవుతుంది. నెలలు నిండే సమయానికి పరీక్షకు వెళితే, ఉమ్మనీరు తగ్గిందనో, బీపీ పెరిగిందనో, తేదీ దాటిందనో చెప్పి ఆ పూటే చేర్చుకుంటారు. ఒక బిళ్లో జెల్లో పెడతారు. కొన్ని గంటలకు సెలైన్‌లో నొప్పుల మందు ఎక్కిస్తారు. సహజంగా అలలు అలలుగా, మెల్లగా బలపడుతూ వచ్చే నొప్పులు మందుతో ఒక్కసారిగా ముంచుకొస్తాయి. ఎందుకు ఇస్తున్నారో, ఎంతసేపు పడుతుందో, పనిచేయకపోతే తరువాత ఏమిటో ఎవరూ చెప్పరు. గంటకొకరు వచ్చి లోపల పరీక్ష చేస్తారు. వారెవరో ఆమెకు తెలియదు. అమ్మ తలుపు బయట ఉంటుంది. అరిస్తే కసురుతారు. మంచినీళ్లు అడిగితే వద్దంటారు. చివరకు ‘బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గింది, ఆపరేషన్ చేయాలి’ అన్న మాట బయట కూర్చున్న భర్తకో తండ్రికో చెబుతారు. అతడు వేలు చూపించిన చోట సంతకం పెడతాడు. ఈ మూడు ఊళ్లలో బాలింతను పలకరించి, కాన్పు ఎలా జరిగిందని నిదానంగా అడిగే ఏ పెద్దమ్మకైనా ఈ కథనంలో సగమైనా పరిచితంగానే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నొప్పులు తెప్పించడం తప్పు కాదు. అది అనేక సందర్భాల్లో తల్లినీ బిడ్డనూ కాపాడే చికిత్స. గర్భిణికి రక్తపోటు పెరిగి గుర్రపువాతం వచ్చే ప్రమాదం ఉన్నప్పుడు, మధుమేహం అదుపులో లేనప్పుడు, నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోయినప్పుడు, బిడ్డ ఎదుగుదల ఆగినప్పుడు వేచి ఉండటమే ప్రమాదం. గర్భం 41 వారాలు దాటిందని కచ్చితంగా తేలినప్పుడు కూడా నొప్పులు తెప్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. ‘మందు పెట్టారంటే ఇక కోత ఖాయం’ అన్న నమ్మకం మన స్త్రీలలో బలంగా ఉంది. దానిని కూడా అలాగే అంగీకరించలేము. అమెరికాలో 41 ఆసుపత్రులలో 6,106 మంది తొలిచూలు స్త్రీలపై జరిగి 2018లో వెలువడిన ఒక పరిశోధనలో, 39వ వారంలో నొప్పులు తెప్పించినవారిలో సిజేరియన్లు 18.6 శాతం కాగా, సహజ నొప్పుల కోసం ఆగినవారిలో 22.2 శాతం. ఇది సంపన్న దేశపు సంగతి అనుకుంటే, నాగపూర్ ప్రభుత్వ ఆసుపత్రులలో అధిక రక్తపోటు ఉన్న 602 మంది గర్భిణులపై జరిగిన పరిశోధన 2017లో వెలువడింది. తక్కువ ధరకు దొరికే మిసోప్రోస్టాల్ బిళ్లను తక్కువ మోతాదులో నోటి ద్వారా ఇచ్చి కూడా సురక్షితంగా ప్రసవం చేయించవచ్చని అది చూపింది.

తేడా మందులో లేదు. ఎప్పుడు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, ఎంత ఓపికతో కనిపెట్టుకుని ఉన్నారు అన్నదానిలో ఉంది. తొలిచూలు స్త్రీకి గర్భాశయ ముఖద్వారం మెత్తబడక ముందే మందు మొదలుపెడితే ప్రసవానికి ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సమయం పట్టవచ్చు. తల్లీబిడ్డలు క్షేమంగా ఉన్నంతవరకు, ఉమ్మనీరు వదిలిన తరువాత ఆక్సిటోసిన్ ఇస్తూ కనీసం 12 నుంచి 18 గంటలు చూడకుండా ప్రయత్నం విఫలమైందని ప్రకటించరాదని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2014లోనే వైద్యులకు సూచించింది. మధ్యాహ్నం మందు పెట్టి, రాత్రికి ‘నొప్పులు రావడం లేదు’ అని కత్తి అందుకుంటే ఆ వైఫల్యం స్త్రీ శరీరానిది కాదు. మందు ఎక్కుతున్నంతసేపూ బిడ్డ గుండెను గమనించే మనిషి పక్కన ఉండాలి. మోతాదు మించితే గర్భసంచి విడుపు లేకుండా బిగుసుకొని బిడ్డకు ప్రాణవాయువు అందదు. ఇదివరకు సిజేరియన్ అయిన స్త్రీకి మిసోప్రోస్టాల్ వాడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. చేతినిండా నర్సులు లేని చోట నొప్పుల సెలైన్ పెట్టి వదిలేయడం చికిత్స అనిపించుకోదు.

తేదీ విషయం కూడా చూడాలి. మన ఇళ్లలో నెలసరిని ఇస్లామీ మాసాలతో గుర్తుంచుకునే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ‘రంజాన్ పండుగ అయిన వారానికి’ అని చెప్పిన లెక్కను ఆసుపత్రి కాగితంపై ఇంగ్లీషు తేదీగా మార్చేటప్పుడు పది పదిహేను రోజులు అటూ ఇటూ కావచ్చు. ఆ తప్పు తేదీని పట్టుకుని ‘రోజులు దాటాయి’ అంటే, నెలలు నిండని బిడ్డను బయటకు తెచ్చినట్టే. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగు చెప్పే తేదీయే ఎక్కువ నమ్మదగినది. ఆ కాగితాన్ని భద్రపరచి, అత్తవారింటి నుంచి పుట్టింటికి వచ్చేటప్పుడు తప్పనిసరిగా వెంట తెచ్చుకోవాలి.

మొదటి కాన్పు గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. అది ఎలా జరిగిందన్న దానిమీదే తరువాతి కాన్పులన్నీ ఆధారపడతాయి. మన చుట్టూ ఒకసారి కోత అయితే మళ్లీ కోతే అన్నది దాదాపు నియమంగా మారింది. కోత పెరిగేకొద్దీ మాయ గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయి ప్రాణాంతకంగా రక్తం పోయే ప్రమాదం కూడా పెరుగుతుంది. ఐదవ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో సిజేరియన్లు 21.5 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. మన రాష్ట్రంలోనే ప్రభుత్వ ఆసుపత్రులలో 26.6 శాతం ఉంటే ప్రైవేటు ఆసుపత్రులలో 63 శాతం. వీధికి ఇటువైపు ఉన్న స్త్రీ శరీరం ఒకలాగా, అటువైపు ఉన్న స్త్రీ శరీరం మరొకలాగా ఉండదు కదా! ప్రమాదకరమైన గర్భాలు అన్నీ ప్రైవేటుకే వెళతాయని కూడా ఎవరూ అనలేరు. నిజానికి విషమించిన కేసులను కడప పెద్దాసుపత్రికి పంపేది ఆ నర్సింగ్ హోములే. బంగారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో పెళ్లినాటి నగ కుదువకు పోయి ఆపరేషన్ బిల్లు కట్టిన కుటుంబాలు మన పాఠకులలోనే ఉన్నాయి. అవసరమైన స్త్రీకి సిజేరియన్ అందకపోవడం ఎంత అన్యాయమో, అవసరం లేని స్త్రీకి చేయడమూ అంతే అన్యాయం.

ఇది స్త్రీలందరి సమస్య. అందులో ముస్లిం స్త్రీకి మరికొన్ని ముళ్లు అదనంగా ఉన్నాయి. మొదటిది భాష. ఇంట్లో ఉర్దూ మాట్లాడే అమ్మాయి, మదర్సాలోనో ఉర్దూ బడిలోనో నాలుగక్షరాలు నేర్చుకున్న అమ్మాయి, ఆంగ్లంలో అచ్చయిన అంగీకారపత్రంపై సంతకం చేస్తున్నది. 2022లో రాష్ట్ర శాసనసభ ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తిస్తూ చట్టం చేసింది. ఆ చట్టం కార్యాలయాల బోర్డుల మీద కనిపిస్తే చాలునా? ప్రాణం మీదకు వచ్చే కాగితం మీద కనిపించవద్దా? తెలుగు మాత్రమే తెలిసిన దూదేకుల స్త్రీకీ, ఆమె పక్క మంచంలోని హిందూ స్త్రీకీ కూడా ఆ ఆంగ్ల కాగితం అంతే అపరిచితం. కాబట్టి మేము అడుగుతున్నది ఒక వర్గానికి రాయితీ కాదు. అంగీకారపత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. చదవలేనివారికి చదివి వినిపించాలి.

రెండవది మర్యాద. బుర్ఖా తీసి మంచమెక్కిన స్త్రీకి, తెర లేని గదిలో నలుగురు వచ్చి పోతుండగా జరిగే పరీక్ష నొప్పికంటే ఎక్కువగా గుర్తుండిపోతుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు పంపింది. పురుష వైద్యుడు పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ ఉండాలన్నది అందులోని హక్కు. చికిత్స వివరాలు రోగికి తెలిసిన భాషలో చెప్పాలన్నదీ, కేసు కాగితాల నకళ్లు అడిగితే డిశ్చార్జి అయిన 72 గంటల్లోపు ఇవ్వాలన్నదీ కూడా హక్కులే.

మూడవది భయం. 2020 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఒక ముస్లిం గర్భిణిని మతం కారణంగా వెనక్కు పంపారన్న ఆరోపణ దేశమంతా వినిపించింది. అధికారులు దానిని ఖండించారు. దారిలో పుట్టిన బిడ్డ మాత్రం దక్కలేదు. మన మూడు పట్టణాలలో అటువంటిది జరిగిందని మేము అనడం లేదు. కానీ అలాంటి వార్త విన్న స్త్రీ ఎక్కడి ఆసుపత్రిలోనైనా గొంతెత్తి ప్రశ్న అడగడానికి వెనుకాడుతుంది. ఆ వెనుకాటును పోగొట్టవలసింది ఆసుపత్రే.

చట్టం ఈ విషయంలో స్త్రీ పక్షానే ఉంది. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రతి కుటుంబానికీ తెలియాలి. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి, ఆమె తల్లి అంగీకారం తీసుకుని, గర్భసంచి తొలగించిన కేసు అది. మేజర్ అయిన, స్పృహలో నిర్ణయం తీసుకోగల స్త్రీ విషయంలో తల్లి అంగీకారం చెల్లదని, ప్రాణాపాయం ఉంటే తప్ప ఆమె స్వయంగా తెలుసుకుని ఒప్పుకోవాలని న్యాయస్థానం తేల్చింది. తల్లి సంతకమే చెల్లనప్పుడు భర్త సంతకం, మామ సంతకం ఎలా చెల్లుతాయి? అలాగే 2010 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు, జంగ్‌పురా ప్రసూతి కేంద్రం సేవలందక చెట్టు కింద ప్రసవించిన ఒక నిరుపేద ముస్లిం స్త్రీకి 50,000 రూపాయల పరిహారం ఇప్పించింది. సురక్షిత ప్రసవం ప్రభుత్వం పెట్టే దానం కాదని, జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు చెప్పింది. 2011 నుంచి అమలులో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్ అయినా సరే, పూర్తిగా ఉచితం. మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రాకపోకల వాహనం అన్నీ అందులో భాగమే. ‘బిడ్డను చూపిస్తే ఇంత’ అని చేయి చాచేవారికి ఇవ్వవలసింది ఏదీ లేదు.

పురిటిగదిలో తోడు సంగతి వేరుగా చెప్పాలి. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రసవ సమయాన ఒక స్త్రీ బంధువును, తాను కాన్పు అయిన అనుభవం ఉన్నామెను, తోడుగా అనుమతించాలని మార్గదర్శకాలిచ్చింది. 2017లో మొదలైన ‘లక్ష్య’ కార్యక్రమం కూడా ఇదే చెబుతున్నది. 17 దేశాలలో 15,000 మందికి పైగా స్త్రీలపై జరిగిన 26 పరిశోధనలను క్రోడీకరిస్తే, కాన్పు పొడవునా తోడున్న స్త్రీలకు సహజ ప్రసవాలు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ అని తేలింది. ఏ యంత్రమూ కొననవసరం లేదు. అమ్మనో ఖాలానో లోపలికి రానిస్తే చాలు. ఖుర్‌ఆన్‌లోని మర్యమ్ సూరా చదివిన వారికి ఇది కొత్త విషయం కాదు. పురిటినొప్పులతో ఖర్జూరపు చెట్టు మొదలు చేరిన ఆ ఒంటరి తల్లికి ముందు అందింది ఓదార్పు. ఆపై పాదాల చెంత నీరు, చేతికందే పండు. ప్రమాదం లేని కాన్పులో తల్లికి నీళ్లు, తేలికపాటి ఆహారం ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018లో చెప్పింది. మన పురిటిగదులు ఆ మాత్రం కారుణ్యానికి నోచుకోవద్దా?

ఆసుపత్రులను నిలదీసే ముందు మన ఇళ్లనూ చూసుకోవాలి. మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పైగా 18 ఏళ్లు నిండకముందే పెళ్లయినవారు. 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. ఈ లెక్కలు అన్ని మతాలవారివీ. అందులో మన వాటా లేదని చెప్పుకునే పరిస్థితి లేదు. పదిహేడేళ్ల పిల్లకు నిఖా చేసి, రక్తం లేని ఒంటితో కాన్పుకు పంపి, అక్కడ అంతా సవ్యంగా జరగాలనడం న్యాయం కాదు. డాక్టరు ప్రశ్న అడిగితే అమ్మాయికి బదులు అత్త జవాబు చెప్పే అలవాటు, ‘ఆమెకేం తెలుసు’ అన్న మాట మన ఇళ్లలోవే. ఇంట్లో వినని గొంతును ఆసుపత్రి వింటుందా?

ఇక చేయవలసినవి. గర్భిణి ఏడో నెల నుంచే, భర్త తోడుగా, డాక్టరును ఈ నాలుగు ప్రశ్నలు అడగాలి: నాకు నొప్పులు తెప్పించవలసిన కారణం ఏమిటి? ఏ మందుతో, ఎలా? రెండు రోజులు ఆగితే నాకూ బిడ్డకూ ఏమవుతుంది? మందు పనిచేయకపోతే ఎంతసేపు చూసి, తరువాత ఏం చేస్తారు? ఇవి డాక్టరుపై అనుమానంతో వేసే ప్రశ్నలు కావు. మంచి వైద్యులు వీటిని సంతోషంగా స్వాగతిస్తారని మాకు తెలుసు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు జరిగే ఉచిత ప్రత్యేక పరీక్షలకు వెళ్లడం, కాగితాలన్నీ ఒక సంచిలో భద్రపరచడం ఇంటివారి బాధ్యత. మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు జుమా తరువాత ఒక అరగంట ఈ విషయాలకు కేటాయిస్తే ఎంతో మేలు.

ప్రభుత్వాన్ని మేము కోరేవి కూడా స్పష్టమైనవే. జిల్లాలోని ప్రతి ఆసుపత్రి, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ప్రతి నెల ఎన్ని కాన్పులు జరిగాయో, ఎందరికి నొప్పులు తెప్పించారో, అందులో ఎన్ని సిజేరియన్లయ్యాయో కారణాలతో సహా గోడపై ప్రకటించాలి. అంగీకారపత్రం తెలుగు, ఉర్దూలలో ఉండాలి. దానిపై మొదటి సంతకం ప్రసవించబోయే స్త్రీదే కావాలి. మూడు పట్టణాలలోని పురిటిగదులన్నిటిలో తెరలు, తోడు వచ్చే స్త్రీకి చోటు ఉండాలి. నొప్పుల మందు ఎక్కుతున్న ప్రతి స్త్రీ పక్కన శిక్షణ పొందిన నర్సు ఉండేలా ఖాళీలు నింపాలి. తెలంగాణ 2017లోనే మొదలుపెట్టిన వృత్తి మిడ్‌వైఫ్‌ల శిక్షణను మన జిల్లాకూ తేవాలి. సహజ కాన్పుకు కావలసిన ఓపిక వారికి ఉంటుంది; వైద్యులపై భారమూ తగ్గుతుంది.

ఈ సంచిక చదివే ఇళ్లలో ఈ నెలలోనే తొలిబిడ్డ కోసం ఎదురుచూస్తున్న అమ్మాయిలు ఉంటారు. వారికి, వారి బిడ్డలకు అల్లాహ్ క్షేమం ప్రసాదించుగాక. ఆసుపత్రికి బయలుదేరే ముందు, ఈ నాలుగు ప్రశ్నలను ఒక చీటీపై రాసి ఆ అమ్మాయి చేతికే ఇవ్వండని కుటుంబ పెద్దలను కోరుతున్నాము.